‘తమరి దయ’ నుంచి ‘నువ్వు’ దాకా: పోర్చుగీసు సర్వనామాల చరిత్ర

ఒక సమాజంలో ఎవరు ఎవరికి లోబడి బ్రతుకుతున్నారో తెలుసుకోవాలంటే ఆ దేశపు భూమి లెక్కలు చూడాలి, పన్నుల లెక్కలు చూడాలి. వాటితోపాటు చూడవలసినది మరొకటి ఉన్నది. ఆ దేశపు మనుషులు ఎదుటివాణ్ణి ఏమని పిలుస్తారు? మన చరిత్రకారులు దీన్ని వ్యాకరణానికి వదిలిపెట్టారు. వ్యాకరణవేత్తలేమో ఉత్తమ పురుష, మధ్యమ పురుష, ప్రథమ పురుష అని పట్టిక గీసి చేతులు దులుపుకున్నారు.

నేను పోర్చుగీసు నేర్చుకోవటం మొదలుపెట్టినప్పుడు నా పాఠ్యపుస్తకంలోనూ అటువంటి పట్టికే ఉన్నది. ‘ఎవు’ అంటే నేను, ‘తు’ అంటే నువ్వు, ‘ఎలె’ అంటే అతడు, ‘నోస్’ అంటే మేము, ‘వోస్’ అంటే మీరు, ‘ఎలెస్’ అంటే వాళ్లు. చక్కగా ఆరు గదులు. పట్టిక కంఠస్థం చేసిన తర్వాత తెలిసిందేమంటే, అందులోని ‘వోస్’ను ఉత్తర పోర్చుగల్ పల్లెలలోను, చర్చి ప్రార్థనలలోను తప్ప దాదాపు ఎవ్వరూ వాడరు. ‘తు’ను బ్రెజిల్ దేశంలో చాలా భాగం వాడదు. కోట్లాదిమంది రోజూ నోటితో పలికే ‘వొసే’ అనే మాట ఆ పట్టికలోనే లేదు. (మన చెవికి అది ‘ఒసే’ అని వినిపిస్తుంది. ఇది వట్టి కాకతాళీయం. మర్యాదకోసం పుట్టిన మాట మనకు తిట్టులా వినిపించటం వినోదంగానే ఉంటుంది.) పట్టికలో ఉన్నది జనం నోట లేదు, జనం నోట ఉన్నది పట్టికలో లేదు. ఇట్లా ఎందుకు జరిగిందన్న ప్రశ్నతో ఈ వ్యాసం మొదలవుతున్నది.

‘వొసే’ పుట్టుపూర్వోత్తరాలు రాజాస్థానంలో ఉన్నాయి. దాని పూర్వరూపం ‘వొస్స మెర్సే’, అనగా ‘తమరి దయ’. 14వ శతాబ్దంలో పోర్చుగల్ రాజుతో మాట్లాడేవాళ్లు ఈ మాట వాడారు. అంతకుముందు ఒక్క మనిషినైనా గౌరవంతో పిలవటానికి బహువచనమైన ‘వోస్’ సరిపోయేది, మన ‘మీరు’ లాగే. రాచరికం బలిసిన కొద్దీ బహువచనం కూడా చాలకుండా పోయింది. రాజు ముందు నిలబడి ‘మీరు’ అనటమంటే ఎంత వంగి అన్నా ఆయన ముఖంలోకి చూసి మాట్లాడినట్టే గదా! కాబట్టి రాజుతో కాకుండా రాజుగారి దయతో మాట్లాడారు. ‘తమరి దయ ఆజ్ఞాపించుగాక’ అన్నప్పుడు కర్త దయ. క్రియ ప్రథమ పురుషలో ఉంటుంది. ఎదురుగా ఉన్న మనిషి అక్కడ లేని మనిషి అవుతాడు.

తెలుగువాడికి ఇది కొత్త కాదు. ‘ఏలినవారు సెలవిస్తే’, ‘దొరవారు దయచేయాలి’, ‘దేవరవారి చిత్తం’ — వీటన్నిటిలోనూ ఇదే కిటుకు. ఎదుటివాణ్ణి ఎదుట లేనివాడుగా చేసి మాట్లాడటం. ‘మీరు’ అనటానికి కూడా అర్హత లేనివాడు ‘ఏలినవారు’ అన్నాడు. భూస్వామ్యం ఎక్కడ ఉన్నా ఈ వ్యాకరణాన్ని తానే కనిపెట్టుకుంటుంది. లిస్బన్ వాడు విజయనగరం వాణ్ణి చూసి నేర్చుకోలేదు, విజయనగరం వాడు లిస్బన్ వాణ్ణి చూసి నేర్చుకోలేదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ‘మెర్సే’ అన్నది లాటిన్ ‘మెర్సెస్’ నుంచి వచ్చింది. దానికి లాటినులో ఉన్న అర్థం కూలి, వేతనం. పనిచేసినవాడికి న్యాయంగా రావలసిన కూలి ఏ దారిన నడిచిందో గాని, ప్రభువు దయతలచి పడవేసే బహుమానమై, ఆ పైన ప్రభువు దయే అయి కూర్చున్నది. అర్థశాస్త్రం చెప్పే కథనే నిఘంటువు కూడా చెప్పటం అరుదు; ఇక్కడ చెప్పింది.

అయితే రాజు ఒంటరిగా అనుభవించే గౌరవం ఎంతో కాలం నిలవదు. రాజు చుట్టూ ఉన్న సామంతులకు ఆ మాటమీద కన్ను పడింది. సామంతుల చుట్టూ ఉన్న ఉద్యోగులకు, వాళ్లకు అప్పులిచ్చే వర్తకులకు పడింది. 15వ శతాబ్దం ముగిసేనాటికి ‘వొస్స మెర్సే’ రాజుకు చాలని మాట అయింది. ఆయనకు ‘వొస్స అల్తేజా’ — తమరి ఔన్నత్యం — కావలసివచ్చింది. తర్వాత అదీ చాలక తమరి మహామహిమ. కిందినుంచి ఒకడు మెట్టు ఎక్కితే పైవాడు ఇంకొక మెట్టు కట్టించుకున్నాడు. ఈ పరుగుపందెం ఎంతవరకు వచ్చిందంటే, 1597లో పోర్చుగల్‌ను ఏలుతున్న స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ ఏ అంతస్తువాణ్ణి ఏమని పిలవాలో శాసనమే చేశాడు. 1739లో అయిదవ జువాఁవ్ రాజు మళ్లీ చేశాడు. ఒక శాసనాన్ని రెండోసారి చేయవలసి వచ్చిందంటే మొదటిదాన్ని జనం లెక్కచేయలేదనే అర్థం.

ఈలోగా ఆ మాట దిగుతూనే ఉన్నది. దిగుతూ అరుగుతూ ఉన్నది. ‘వొస్స మెర్సే’ కాస్తా ‘వొసెమెసే’ అయింది. ‘వొస్మెసే’ అయింది. చివరికి ‘వొసే’ అయింది. బ్రెజిల్‌లో ఇంకా అరిగి ‘ఒసే’ అయి, ‘సే’ అనే ఒక్క అక్షరం మిగిలింది. నాలుగక్షరాల రాజగౌరవంలో ఒకే అక్షరం. పై తరగతి మర్యాదను కింది తరగతి రోజువారీ పనిముట్టుగా వాడితే అది అరిగిపోతుంది. కొడవలి పిడి అరిగినట్టు.

ఈ అరుగుదల అందరి నోటా ఒకేలా జరగలేదు. బ్రెజిల్‌కు ఆఫ్రికానుంచి బానిసలుగా పట్టుకువచ్చి దింపినవారి సంఖ్య సుమారు 48 లక్షలు. మరే ఒక్క దేశానికీ అంతమందిని తీసుకుపోలేదు. వాళ్లు పోర్చుగీసును బడిలో నేర్చుకోలేదు. చెరకు తోటలో, గనిలో, వంటింట్లో, కొరడా కింద నేర్చుకున్నారు. వాళ్లకు ముందుగా నేర్పింది సర్వనామాలే అనుకోవాలి — యజమానిని ఏమని పిలవాలో తెలియకుండా ఒక్క రోజు కూడా గడవదు గదా! ‘సెన్యోర్’ వాళ్ల నోట ‘సిన్యో’ అయింది, యజమానురాలు ‘సిన్యా’ అయింది, ‘వొస్స మెర్సే’ ‘వస్సుంసే’, ‘సుంసే’ అయింది. తర్వాతి రోజులలో నవలలలో, నాటకాలలో నీగ్రో పాత్ర నోట ఈ ‘సుంసే’ పలికించి పెద్దమనుషులు నవ్వుకున్నారు. ఇందులో వింత చూడండి. అదే మాటను ‘వొసే’గా అరగదీసిన తెల్ల వర్తకుడి నోరు నాగరికమైన నోరు, ‘సుంసే’గా అరగదీసిన నల్ల బానిస నోరు హాస్యాస్పదమైన నోరు. అరుగుదల ఒకటే. అరగదీసిన చేతులు వేరు.

రాజుగారి దయ సర్వనామమై పోయినా తన ప్రథమ పురుష క్రియను మాత్రం వెంటబెట్టుకునే వచ్చింది. ‘వొసే’ అంటే ఈనాడు ‘నువ్వు’ అనే అర్థం. కాని క్రియ ‘అతడు వెళ్తాడు’లోని క్రియే. దానివల్ల భాషంతా కలగాపులగమయింది. ‘సెవు లీవ్రు’ అంటే అతని పుస్తకమా, నీ పుస్తకమా? రెండూ కావచ్చు. అందుకే జనం ‘అతని’ అని చెప్పదలచినప్పుడు ‘దెలె’ అనే మాటను బలంగా వాడుకలోకి తెచ్చుకున్నారు. ‘ల్యె’ అంటే అతనికా, ఆమెకా, నీకా? మూడూ కావచ్చు. ఈ ‘ల్యె’ మీద బ్రెజిల్ కథకుడు మొంతేయ్రు లొబాతు 1920 ప్రాంతంలో ఒక కథ రాశాడు. దాని పేరు ‘సర్వనామాలు అమర్చేవాడు’ అని చెప్పుకోవచ్చు.

ఒక గుమాస్తా ఒక కల్నల్‌గారి చిన్నకూతుర్ని ప్రేమించి చీటీ పంపుతాడు. ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అని రాయబోయి ‘నిన్ను’ బదులు ‘ల్యె’ వేస్తాడు. తండ్రి వ్యాకరణం తెలిసిన మనిషి. ‘ల్యె’ ప్రథమ పురుష; చీటీ అందుకున్నది చిన్నపిల్ల; కాబట్టి ప్రేమించబడినది ఈ పిల్ల కాదు, ఎదుట లేని మరొక స్త్రీ; ఇంట్లో అటువంటిది పెళ్లికాని పెద్దకూతురే — అని తీర్మానించి, ఎవ్వరూ చేసుకోని ఆ పెద్దపిల్లను అతనికి కట్టబెడతాడు. ఆ దంపతులకు పుట్టిన కొడుకు పెద్ద వ్యాకరణవేత్త అవుతాడు. సర్వనామం సరిగా పెట్టనివాళ్లమీద జీవితమంతా యుద్ధం చేస్తాడు. చివరికి తన మహాగ్రంథం అచ్చయి వచ్చిన రోజున అంకితంలోనే కంపోజిటరు ఒక సర్వనామాన్ని చోటు మార్చి వేశాడని చూసి గుండె ఆగి చనిపోతాడు. సర్వనామ దోషంవల్ల పుట్టి సర్వనామ దోషంవల్లనే పోయాడు. లొబాతును నేను అభ్యుదయ రచయితగా చెప్పబోవటం లేదు. జాతిశుద్ధి సిద్ధాంతాన్ని నమ్మిన మనిషి, నల్లవారిగూర్చి అతను రాసిన మాటలు కొన్ని చదవటానికి సిగ్గు వేస్తుంది. కాని ఈ కథలో అతను ఒక నిజాన్ని పట్టుకున్నాడు: సర్వనామం ఎక్కడ పెట్టాలన్నది ఆనాటి బ్రెజిల్‌లో చావుబ్రతుకుల సమస్య అయి కూర్చున్నది.

ఎందుకయిందో చెప్పాలి. పోర్చుగల్‌లో ‘నాకు ఇవ్వు’ అనాలంటే క్రియ ముందు, సర్వనామం వెనుక: ‘దా-మె’. బ్రెజిల్ జనం సర్వనామంతోనే మొదలుపెడతారు: ‘మె దా’. వాక్యాన్ని ఇటువంటి సర్వనామంతో మొదలుపెట్టకూడదని వ్యాకరణం నిషేధించింది. 19వ శతాబ్దంలో నవలాకారుడు జొజె ద అలెంకార్ మీద పోర్చుగల్ పండితులు, స్వదేశపు పండితులు ఈ విషయంలో దాడి చేశారు. అతను తన ‘ఇరాసెమా’ రెండవ ముద్రణకు 1870లో అనుబంధం రాసి తన భాషను సమర్థించుకోవలసి వచ్చింది. తమాషా ఏమంటే, 16వ శతాబ్దపు పోర్చుగీసు రచనలు తిరగేస్తే కర్త తర్వాత, క్రియకు ముందు సర్వనామం రావటం అడుగడుగునా కనిపిస్తుంది. వెనక్కు నెట్టటం పోర్చుగల్‌లోనే తర్వాతి కాలంలో బలపడిన అలవాటు. అంటే మారింది ప్రధానంగా రాజధాని నోరు. వలసదేశం ఆ పాత వాడుకను నిలుపుకుని, మరొక అడుగు ముందుకు వేసి వాక్యారంభానికి కూడా తెచ్చుకున్నది. తాను మారి, మారనివాణ్ణి తప్పు పట్టటం రాజధానులకు అలవాటే.

1902లో ఈ వివాదం పార్లమెంటు దాకా పోయింది. బ్రెజిల్ పౌరస్మృతి ముసాయిదా సెనేట్ ముందుకు వచ్చింది. వివాహం, ఆస్తి, వారసత్వం, కూలి ఒప్పందం — దేశజీవితమంతా అందులో ఉన్నది. బానిసత్వం రద్దయింది 1888 మే 13న. అప్పటికి పద్నాలుగేళ్లయినా నిండలేదు. లక్షలాది మంది విముక్తులకు భూమి లేదు, బడి లేదు. ఆ ముసాయిదాను చేతికి తీసుకున్న సెనేటరు రుయి బర్బోజా చర్చను ఎక్కడికి తీసుకుపోయాడు? భాషాదోషాల దగ్గరికి! ముసాయిదా భాషను సవరించిన పండితుడు కర్నేయ్రు రిబేయ్రు ఒకప్పుడు ఈ రుయి బర్బోజాకు బడిలో గురువు. గురుశిష్యులిద్దరూ వందల పేజీల గ్రంథాలతో కొట్టుకున్నారు. సర్వనామాల స్థానం కూడా ఆ యుద్ధంలో ఒక రంగమే. పౌరస్మృతి చట్టమయ్యేసరికి 1916 వచ్చింది.

రుయి బర్బోజా మామూలు అభివృద్ధి నిరోధకుడు కాడు. బానిసత్వ నిర్మూలనకోసం నోరెత్తినవాడు, ఉదారవాది. అయితే 1881 ఎన్నికల చట్టపు ముసాయిదా రాసినదీ ఆయనే. చదవను, రాయను రానివాళ్లకు ఓటుహక్కు దక్కకుండా తలుపు వేసిన చట్టం అది. 1872లో ఓటర్లు పదిలక్షలకు పైగా ఉన్న దేశంలో 1886 ఎన్నికలలో ఓటు వేసినవారు లక్ష పైచిలుకు మాత్రమే. 1891లో వచ్చిన రిపబ్లిక్ రాజ్యాంగం కూడా నిరక్షరాస్యుడికి ఓటు లేదన్నది. ఆ నిషేధం తొలగింది 1985లో! బానిసత్వం చట్టంలోంచి పోయిన తర్వాత దాదాపు వందేళ్లు అక్షరం పేరుతో కాపలా కాశారన్నమాట. ఇటువంటి దేశంలో సర్వనామం ఎక్కడ పెట్టాలన్నది ఊరికే అలంకార చర్చ కాజాలదు. అది గేటు దగ్గర నిలబెట్టిన జవాను. ‘మె దా’ అన్నవాడు గేటు బయట. ‘దా-మె’ అన్నవాడు లోపల.

మన గ్రాంథికవాదులతో పోల్చబుద్ధి వేస్తుంది. పోల్చవచ్చును కూడా. గిడుగు రామమూర్తి పంతులుగారు చేసిన పనికి దగ్గరగా అక్కడ ఒక పండితుడు చేశాడు. పేరు సయీద్ అలీ. బ్రెజిల్‌లో పుట్టినవాడే. 1908లో వెలువడిన తన పుస్తకంలో ఆయన ఈ తగాదాను నియమాల మీద గాక ఉచ్చారణ మీద నిలబెట్టి చూశాడు. పోర్చుగల్ వాడు ‘మె’ అన్నప్పుడు అచ్చు మింగేస్తాడు, వట్టి హల్లులా మిగులుతుంది. దానికి ముందు మాట ఆసరా కావాలి. బ్రెజిల్ వాడు అచ్చును నిండుగా పలుకుతాడు. అది వాక్యం మొదట తన కాళ్లమీద తాను నిలబడగలదు. కాబట్టి ఇది తప్పు కాదు, వేరొక ఉచ్చారణకు సహజమైన ఫలితం. ఇంత సూటిగా చెప్పిన తర్వాత వివాదం ముగిసిపోవలసింది. ముగియలేదు. వివాదం ఉచ్చారణగూర్చి కాదు కాబట్టి.

1925లో ఒస్వాల్ద్ ద అంద్రాదె ‘పావు బ్రజిల్’ అనే సంపుటిలో సర్వనామాల పేరుతోనే ఒక చిన్న కవిత అచ్చువేశాడు. సిగరెట్టు అడగటం ఎట్లా అన్నదే దాని వస్తువు: బడిపంతులు వ్యాకరణం ప్రకారం అడిగేది ఒకటి, దేశంలోని మామూలు మనుషులు, నల్లవారూ తెల్లవారూ, నిత్యం అడిగేది ఒకటి. అంత చిన్న కవిత రుయి బర్బోజా గ్రంథాలకు మించి నిలిచింది. ఒస్వాల్ద్ సంపన్నుల బిడ్డ; 1931లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు.

ఎనిమిదేళ్ల తర్వాత, 1933లో, జిల్బెర్తు ఫ్రేరె ‘పెద్దలోగిలి – బానిసల కొట్టాలు’ అనే అర్థం వచ్చే పేరుతో ప్రసిద్ధ గ్రంథం రాశాడు. అందులో ఈ రెండు రకాల వాడుకనూ అతను బానిసవ్యవస్థతో ముడిపెట్టాడు. ‘దా-మె’ వంటి వాడుక యజమాని నోటి ఆజ్ఞ. ‘మె దా’ వంటిది బానిస, పిల్లవాడు, స్త్రీ చేసే మనవి. ఇంతవరకు అతని చూపు పదునుగానే ఉన్నది. కాని వెంటనే ఈ రెండూ కలిసిపోయి బ్రెజిల్ భాష మెత్తబడిందనీ, దాది పాలతోపాటు మెత్తదనం యజమాని బిడ్డ నోటికి దిగిందనీ మురిసిపోయాడు. నాకు ఇక్కడే అతనితో పేచీ. ఆ దాది సొంతబిడ్డకు పాలు దక్కాయా? మనవి చేసుకోవటం తప్ప ఆజ్ఞాపించే హక్కు లేనివాళ్ల వ్యాకరణం చూసి ‘ఎంత మృదువు!’ అనటం భూస్వామి సౌందర్యదృష్టి. మన దగ్గర కూడా ‘నీ బాంచను దొరా’ అన్న మాటలో వినయం చూసి ముచ్చటపడినవారు లేకపోలేదు. తెలంగాణా రైతాంగం ఆ వినయాన్ని 1946 నుంచి 1951 దాకా ఏ విధంగా వదిలించుకున్నదో మనకు తెలుసు.

ఫ్రేరె మురిపానికి కొనుగోలుదారు దొరికాడు. పోర్చుగల్ నియంత సలజార్ ప్రభుత్వం 1951–52లో అతన్ని తన వలసలన్నీ తిప్పింది. గోవా కూడా వచ్చాడు. పోర్చుగీసువాడికి జాతిద్వేషం లేదు, ఉష్ణదేశాల ప్రజలతో కలిసిపోయే గుణం వాడికే ఉన్నదనే సిద్ధాంతం ఆ ప్రభుత్వానికి ఐక్యరాజ్యసమితిలో చెప్పుకోవటానికి పనికి వచ్చింది. 1961 డిసెంబరులో గోవా విముక్తమయిన రోజువరకు మనం విన్న పాట కూడా అదే.

మరి ఆ వలసలలో సర్వనామాల పరిస్థితి ఏమిటి? అంగోలా, మొజాంబిక్, గినీలలో ఆఫ్రికన్‌ను ‘తు’ అనేవారు. ముసలివాడైనా ‘తు’నే. యూరోపియన్‌ను అతను ‘సెన్యోర్’ అనాలి; ఆ యూరోపియన్ పదేళ్ల కుర్రవాడైనా సరే. (మన పల్లెలలో పెత్తందారు ఇంటి పిల్లవాడు దళితవాడ తాతను ‘ఒరే’ అని పిలిచిన రోజులు మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.) 1954 శాసనం ప్రకారం ఆఫ్రికన్ ‘దేశవాళి’ హోదానుంచి పౌరుడి హోదాకు రావాలంటే కొన్ని షరతులు. వాటిలో ఒకటి: పోర్చుగీసు తప్పులు లేకుండా మాట్లాడాలి. అప్పటికి పోర్చుగల్‌లోనే లక్షలాదిమంది రైతులకు చదువు రాదు. వాళ్ల పౌరసత్వానికి ఎవ్వరూ వ్యాకరణ పరీక్ష పెట్టలేదు. తిరుగుబాటు మొదలయిన తర్వాత గాని, 1961లో గాని, ఈ శాసనం రద్దు కాలేదు.

ఆ ఏడే అరెస్టయిన వారిలో లువాందీను వియేయ్రా ఒకడు. పోర్చుగల్‌లో పుట్టి లువాండా పేటలలో పెరిగిన తెల్లవాడు. అంగోలా విముక్తి పక్షం నిలిచాడు. పద్నాలుగేళ్ల శిక్ష పడింది. జైలులో రాసిన ‘లువువాండా’ అనే మూడు కథల పుస్తకం ఆ పేటల భాషలోనే ఉన్నది. కింబుందు భాష కింద ప్రవహిస్తుండగా పైన పోర్చుగీసు నడుస్తుంది. వ్యాకరణం కర్మగా ఒప్పుకోని ‘ల్యె’ ఆ పేటల నోట కర్మగానే వస్తుంది — లొబాతు కథలో గుమాస్తా కొంప ముంచిన ఆ ‘ల్యె’యే! ఒక కథలో ఒకామె కోడి పక్కింటి పెరట్లో గుడ్డు పెడుతుంది. గుడ్డు ఎవరిదని తగువు వస్తుంది. తీర్పు చెప్పటానికి పిలిచిన కొట్టు యజమాని, పాఠాలు చదివిన కుర్రాడు, ఇళ్లవాడు, ఒక్కొక్కడూ మంచి పోర్చుగీసు మాట్లాడుతూ గుడ్డు తనకే చెందాలన్న వాదం తేలుస్తాడు. పోలీసులు వచ్చి కోడినే పట్టుకుపోజూస్తారు. చివరికి గుడ్డు గర్భిణీ అయిన ఆ పక్కింటామెకే చేరుతుంది. ఆ తీర్పు పేట తన భాషలో తానే చెప్పుకుంటుంది.

1965లో పోర్చుగీసు రచయితల సంఘం ఈ పుస్తకానికి బహుమతి ఇచ్చింది. రచయిత అప్పటికి కేప్ వెర్దె దీవులలోని తరఫాల్ నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. ఫలితం: సంఘం కార్యాలయం ధ్వంసమయింది, న్యాయనిర్ణేతలలో కొందరు అరెస్టయ్యారు, సంఘాన్నే ప్రభుత్వం రద్దు చేసింది. బహుమతి ఇచ్చినందుకు రచయితల సంఘాన్ని మూసివేసిన సంఘటన ప్రపంచ సాహిత్య చరిత్రలో ఎక్కువగా ఉండదు. మన సంఘాల చరిత్రలో నిర్బంధాలకు కొదవ లేదు గనుక మనకు ఇది పరాయి సంగతిగా తోచదు.

వలసవాడి భాషను విముక్తి ఉద్యమం ఎందుకు పారవేయలేదని కొందరు మిత్రులు అడగవచ్చు. గినీ నాయకుడు అమిల్కార్ కబ్రాల్‌కు ఈ ప్రశ్న ఎదురయింది. ఆయన 1973 జనవరిలో హత్యకు గురయ్యే నాటికి యుద్ధం మొదలై దాదాపు పదేళ్లయింది. శత్రువు వదిలిపెట్టిన మంచి వస్తువులలో భాష ఒకటనీ, అది పనిముట్టేగాని పోర్చుగల్ సొత్తు కాదనీ ఆయన వాదించాడు. నా మట్టుకు నాకు ఆయన సగమే చెప్పాడనిపిస్తుంది. కొడవలికి మాలిక ఎవరైనా కోత ఒకటే. భాష పిడిలో పాత యజమాని చేతి ఆకారం దిగి ఉంటుంది. అయితే ఆ పిడిని కూడా ఆఫ్రికన్లు మార్చుకున్నారు. గెరిల్లా దళాలలో ‘సెన్యోర్’ పోయి ‘కమరాద’ వచ్చింది. ‘సహచరుడు ఏమంటాడు?’ అని ఎదుటివాణ్ణే అడిగారు — ప్రథమ పురుష మిగిలింది, ప్రభువు పోయాడు. మొజాంబిక్ 1975 జూన్ 25న, అంగోలా అదే ఏడు నవంబరు 11న స్వతంత్రమయ్యాయి.

ఇక ‘మనం’ సంగతి. తెలుగులో ‘మేము’, ‘మనం’ అని రెండున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే ‘మనం’, వదిలేస్తే ‘మేము’. పోర్చుగీసు ‘నోస్’లో ఈ తేడా లేదు. కాని బ్రెజిల్ గడ్డమీద ఆ తేడా ఉన్న భాష ఉండేది. తీరప్రాంతపు తుపి జాతుల భాషలో ‘యాందె’ అంటే మనం, ‘ఒరె’ అంటే మేము. పాదిరీ జొజె ద అంషియేతా రాసిన ఆ భాషా వ్యాకరణం 1595లో కొయింబ్రాలో అచ్చయింది. పాదిరీలు ప్రార్థనను తుపిలోకి తిప్పేటప్పుడు దేవుణ్ణి ‘ఒరె’ తండ్రి అన్నారు. మన క్రైస్తవులు ‘మా తండ్రీ’ అంటారుగాని ‘మన తండ్రీ’ అనరు, సరిగ్గా అటువంటి లెక్క. ఈ భాష రెండు శతాబ్దాలు బ్రెజిల్‌లో చాలామందికి వ్యవహార భాషగా నడిచింది. 1757లో ప్రధాని పొంబాల్ హయాంలో వచ్చిన శాసనం ఆదివాసుల బడులలో దాన్ని నిషేధించి పోర్చుగీసు తప్పనిసరి చేసింది.

తర్వాత పోర్చుగీసువాళ్లు తమ ‘నోస్’ను కూడా నిలుపుకోలేదు. ‘అ జెంచీ’ అనే మాట — అక్షరాలా ‘జనం’ — మెల్లగా ‘మనం’ అన్న అర్థానికి వచ్చింది. ‘జనం వెళ్తుంది’ అంటే మనం వెళ్తాము. ఈనాడు బ్రెజిల్ మాటలలో ‘నోస్’ కంటే అదే ఎక్కువ. ‘తమరి దయ’ పైనుంచి కిందికి దిగి సర్వనామమయింది. ‘జనం’ కిందనే ఉండి సర్వనామమయింది. బడి మాత్రం వ్యాసంలో ‘అ జెంచీ’ రాస్తే ఎర్రసిరా గీస్తుంది.

2011లో బ్రెజిల్ విద్యాశాఖ పంచిన వయోజన విద్యా వాచకం ఒకదానిలో, బహువచన సర్వనామం పక్కన ఏకవచన క్రియ వేసి మాట్లాడే శ్రామికుల వాడుకను చర్చించారు. అటువంటి మాట ఎక్కడైనా అనవచ్చునా అంటే అనవచ్చును, కాని భాషాపరమైన చిన్నచూపుకు గురి అవుతామని తెలిసి అనండి — ఇంతే ఆ పాఠం చెప్పింది. పత్రికలు వారాల తరబడి గగ్గోలు పెట్టాయి. ప్రభుత్వం అజ్ఞానాన్ని నేర్పుతున్నదన్నాయి. అయిదేళ్ల తర్వాత, 2016 మే నెలలో, ఎన్నికైన అధ్యక్షురాలిని తప్పించి మిషెల్ తెమెర్ గద్దె ఎక్కాడు. క్రియను రెండు ముక్కలు చేసి నడుమ సర్వనామాన్ని ఇరికించే పాతకాలపు ప్రయోగం ఒకటి ఉన్నది. జనం నోట శతాబ్దాల కిందటే చచ్చిపోయింది. తెమెర్‌కు అది మహా ఇష్టం. దేశమంతా నవ్వింది. ఆయన తొలి మంత్రివర్గంలో ఒక్క స్త్రీ లేదు, ఒక్క నల్లవాడు లేడు. సర్వనామాలు మాత్రం ఎక్కడ ఉండవలసినవి అక్కడ ఉన్నాయి.

పోర్చుగల్ సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. అక్కడ ‘వొసే’ ఈనాటికీ ఇబ్బందికరమైన మాట. పై తరగతివాళ్లు దాన్ని మొరటు అంటారు. మనిషిని హోదాతో పిలుస్తారు: ‘డాక్టరుగారు కాఫీ తీసుకుంటారా?’ — ఆ డాక్టరు ఎదురుగానే కూర్చుని ఉంటాడు. డిగ్రీ ఉంటే చాలు, డాక్టరే. హోదా తెలియకపోతే సర్వనామమే మింగేసి వట్టి క్రియతో గడుపుకుంటారు. 1972లో భాషావేత్త లిండ్లే సింత్రా ఈ పిలుపులమీద పుస్తకం వెలువరించాడు. ఇంత మెట్లు మెట్లుగా ఉన్న పిలుపులు మెట్లు మెట్లుగా ఉన్న సమాజం నుంచి వచ్చినవేనని అందులో తేటతెల్లమవుతుంది. రెండేళ్లకు, 1974 ఏప్రిల్ 25న, నియంతృత్వం కూలింది. తర్వాతి నెలలలో ఫ్యాక్టరీలలో, కాలేజీలలో, వీధులలో ‘తు’ వరదలా వచ్చింది. ఆ వరద కొంత తీసింది. కాని యువతరంలో ‘తు’ అప్పటికంటె విస్తరించిన మాట నిజం.

బ్రెజిల్ పట్టణాలలో ఇళ్లలో పనిచేసే స్త్రీలు లక్షలాదిమంది. వారిలో ఎక్కువమంది నల్లవారు. 2013 ఏప్రిల్‌లో రాజ్యాంగ సవరణ చేసి వారికి ఎనిమిది గంటల పనిదినం, అదనపు పనికి అదనపు కూలి వంటి హక్కులు ఇచ్చారు; అంతకుముందు ఇతర కార్మికులకున్న ఆ హక్కులు వారికి లేవు. ఆ ఇళ్లలో యజమానురాలు పనిమనిషిని ‘వొసే’ అంటుంది. పనిమనిషి ఆమెను ‘అ సెన్యోరా’ అంటుంది. యజమానురాలికి ముప్పై ఏళ్లు, పనిమనిషికి అరవై ఏళ్లు ఉన్నా అంతే. యజమానురాలి పిల్లలు పనిమనిషిని పేరుపెట్టి పిలుస్తారు.